బరువు తగ్గడానికి నా దగ్గర కారణమే మిగల్లేదు

ఒక పాఠకురాలు సలహా అడుగుతూ నాకు రాసిన ఉత్తరం నాలుగు పేజీలుంది. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు, పెట్టను. సంగతి మాత్రం కాస్త వివరంగానే చెప్పాలి, లేకపోతే నా జవాబు ఎవరికీ అర్థం కాదు.

ఆవిడకు 41 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, ఇప్పుడు బరువు 79 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. మూడేళ్ల కిందట చెల్లెలి పెళ్లి కుదిరేనాటికి 76 ఉండేవారట. ఫొటోల్లో బాగుండాలని పంతం పట్టి, రాత్రి తిండి మానేసి, పగలు కూడా కోడి కెలికినట్టు తిని మూడు నెలల్లో 14 కిలోలు తగ్గారు. పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ 14 కిలోలూ తిరిగొచ్చాయి, వడ్డీగా ఇంకో మూడు. తర్వాత నాలుగుసార్లు మళ్లీ మొదలుపెట్టారు, ఏ ఒక్కసారీ పది రోజులు దాటలేదు.

ఆవిడ అక్క కనిపించినప్పుడల్లా నలుగురి ముందే "మళ్లీ ఒళ్లు చేశావేంటే" అంటుంది. భర్త మెత్తని మనిషి, "నువ్వెలా ఉన్నా నాకిష్టమే, ఇదంతా వదిలెయ్" అంటాడు. ఈ రెండు మాటల్లో ఏది ఎక్కువ బాధపెడుతోందో తేల్చుకోలేకపోతున్నానని రాశారు. రెండు నెలల కిందట చేయించుకున్న పరీక్షల్లో షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, బీపీ 138/88 వచ్చాయి. మెట్లెక్కితే కుడి మోకాలు పట్టేస్తోంది. రాత్రి గురక పెడుతున్నారని కూతురు చెప్పింది. డాక్టరు కాగితం చూసి "బరువు తగ్గండి" అని పంపేశారు.

ఇవన్నీ రాసి, చివరి పేజీలో అసలు సంగతికొచ్చారు. 14 ఏళ్ల కూతురు నెల రోజులుగా పొద్దున ఏమీ తినకుండా స్కూలుకు వెళ్తోంది. రోజుకు రెండుసార్లు వెయింగ్ మెషీన్ ఎక్కుతోంది. ఎందుకే అంటే, "నీలా అవ్వకూడదు కదమ్మా" అంది.

ఉత్తరం ఇలా ముగిసింది: "నేను తగ్గాలంటే ఒక కారణం కావాలి. అందం కోసం అనుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. ఆరోగ్యం కోసం అంటే అది పాఠ్యపుస్తకంలో మాటలా ఉంటుంది, మనసుకు ఎక్కదు. అక్క నోరు మూయించడానికా? పాప కోసమా? అసలు తగ్గాలా, వద్దా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. నేను డాక్టర్ని కాను, మీ మందులూ పరీక్షలూ మీ డాక్టరే చూడాలి. ఉత్తరంలో ఒకదాంట్లో ఒకటి చిక్కుపడిపోయిన నాలుగు విషయాలను విడదీయడం మాత్రం నా పని.

కారణం లేదంటున్నారు గానీ, నాకు కనిపించింది వేరు. మీకున్న ఒకే ఒక్క కారణానికి గడువు తీరిపోయింది. దానికి ఒక తారీఖు ఉంది, అది పెళ్లి రోజు. ఆ తారీఖు దాటాక ఆకలిని ఓర్చుకోమని ఒంటిని అడగడానికి మీ దగ్గర ఏమీ మిగల్లేదు, ఒళ్లు కూడా మీ మాట వినడం మానేసింది. ఇతరుల కళ్లలో పడటానికి తగ్గిన బరువు ఆ కళ్లు పక్కకు తిరగగానే వచ్చేస్తుంది. అక్క నోరు మూయించడం కూడా ఆ బాపతు కారణమే కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి.

పాఠ్యపుస్తకం మాట అన్న "ఆరోగ్యం" సంగతి చూద్దాం. ఆ మాట మనసుకెక్కదు, ఒప్పుకుంటాను. ఆరోగ్యం అంటే ఏ వాసనా లేని మాట, దాని కోసం ఎవరూ రాత్రి పదకొండింటికి నోరు కట్టుకోరు. కానీ మీరే రాసిన ఫిర్యాదులు ఒక్కొక్కటిగా తీసుకుంటే అందులో ఆరోగ్యం అనే మాటే అక్కర్లేదు. మోకాలు ఉంది, గురక ఉంది, 6.1 ఉంది.

మోకాలు ముందు చూద్దాం, ఎందుకంటే దాని లెక్క సులువు. మోకాలి కీళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద చేసిన ఒక పరిశోధన 2005లో వచ్చింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసినప్పుడు మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని అందులో తేలింది. మీరు ఐదున్నర కిలోలు తగ్గితే అడుగడుక్కీ 22 కిలోలు. మీ నొప్పి అరుగుదలేనా, ఇంకేదైనానా అనేది చూపించుకుంటే గానీ తెలియదు, కానీ ఏ కారణంతో నొప్పి వచ్చినా ఆ మోకాలు మోసే భారం మాత్రం ఇదే లెక్క. ఈ ఐదున్నర అనే అంకె నేను ఊరికే ఎంచుకోలేదు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇక 6.1. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి డయాబెటిస్. అంటే మీరు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఇంకా లోపలికి వెళ్లలేదు. లోపల జరుగుతున్నది ఇదీ: పొట్ట లోపల, పేగుల చుట్టూ, లివర్‌లో చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు, రక్తంలోకి కొవ్వు ఆమ్లాలు వదులుతూ ఉంటుంది. దాంతో కండరాలూ లివరూ, రక్తంలో షుగర్‌ను అదుపులో ఉంచే ఇన్సులిన్ పిలుపు వినిపించుకోవు. క్లోమం ఇంకా గట్టిగా పిలుస్తుంది, అంటే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. కొన్నేళ్లు అలా అరిచీ అరిచీ దాని గొంతు పోతుంది, అప్పుడు షుగర్ వచ్చిందంటారు. నడుము కొలత అడిగేది ఇందుకే. ఎత్తులో సగం కంటే నడుము తక్కువ ఉంటే మంచిదని ఒక సులువైన కొలత ఉంది. మీ ఎత్తులో సగం 79, విచిత్రంగా మీ బరువు అంకె కూడా అదే. మీ నడుము 96.

ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే బీఎంఐ లెక్క గురించి కూడా ఉత్తరంలో అడిగారు కదా. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఎత్తును ఎత్తుతో గుణించి, వచ్చినదాంతో బరువును భాగించాలి. మీకు 31.6 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 నుంచి 25 లోపు మామూలు, 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. ఆసియా వాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, గుండె జబ్బుల ముప్పు మొదలవుతోందని 2004లో ఆ సంస్థ నిపుణులే 23, 27.5 అంకెల దగ్గర కూడా జాగ్రత్త పడమన్నారు. ఇంతా చెప్పి ఒక మాట. ఈ సూత్రం కనిపెట్టిన అడాల్ఫ్ క్వెట్లే డాక్టరు కాదు, 19వ శతాబ్దపు బెల్జియం గణిత శాస్త్రవేత్త. జనంలో సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కకట్టడం ఆయన సరదా. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది 1972లో యాన్సెల్ కీస్ అనే అమెరికన్. కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడుంది అనేవి ఈ అంకెకు తెలియవు. కాబట్టి దాన్ని తీర్పులా చూడకండి. మీ విషయంలో మాత్రం బీఎంఐ, నడుము, హెచ్‌బీఏ1సీ, బీపీ నాలుగూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి అంకె తప్పేమో అని సర్దిచెప్పుకోవడం కుదరదు.

కీస్ పేరు వచ్చింది కాబట్టి, మీ మూడు నెలల ఉపవాసం గురించి ఇక్కడే మాట్లాడదాం. ఉత్తరంలో మీరు మిమ్మల్ని "బుద్ధి నిలకడ లేనిదాన్ని" అనుకున్నారు. అది చదివి నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు, మీకు అలా అనుకోవడం నేర్పినవాళ్ల మీద. ఇదే కీస్ 1944లో మిన్నెసొటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఒకచోట పెట్టి, వాళ్ల ఇష్టంతోనే, ఆరు నెలలు అరకొర తిండి పెట్టాడు. యుద్ధంలో ఆకలితో ఎండిపోయిన జనాన్ని మళ్లీ ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. వాళ్లకు రోజుకు ఇచ్చింది సుమారు 1,570 కేలరీలు, పైగా వారానికి ముప్ఫై అయిదు కిలోమీటర్ల నడక. ఒంటి బరువులో దాదాపు పావు వంతు పోయింది. అప్పటిదాకా వంటింటి వైపు చూడని మగవాళ్లు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. నిద్రలో తిండి కలలు, పగలు చిరాకు, చలి, దిగులు. ప్రయోగం అయ్యాక కొందరు ఎంత తిన్నా కడుపు నిండినట్టు అనిపించడం లేదన్నారు. వాళ్లు బుద్ధి నిలకడ లేనివాళ్లా? ఒళ్లు కరువొచ్చిందనుకుంది, కరువు తీరగానే దాచుకుంది.

ఇంకొకటి. 2016లో ఒక పరిశోధన వచ్చింది. టీవీలో బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఒళ్లు ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చు చేసే శక్తి, వాళ్ల సైజుకు ఉండాల్సిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉంది. చాలామందికి బరువూ తిరిగొచ్చింది. ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోను కొవ్వు కణాల నుంచే వస్తుంది, కొవ్వు తగ్గగానే అదీ పడిపోతుంది, ఆకలి పెరుగుతుంది. అంటే 62 కిలోల మీరు ఇదివరకటి మీకంటే ఎక్కువ ఆకలితో, తక్కువ ఖర్చుతో బతికారు. అక్కడ ఏడాదిన్నర దాకా లాక్కురావడమే గొప్ప.

ఇప్పుడు ఐదున్నర కిలోల సంగతి. అమెరికాలో ప్రీడయాబెటిస్ దశలో ఉన్న 3,234 మందిని మూడు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు నడకా తిండీ సరిచేసుకోవడం నేర్పారు, వాళ్లకు పెట్టిన లక్ష్యం ఒంటి బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, అంతే. రెండో గుంపుకు షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఇచ్చారు, మూడో గుంపుకు ఉత్తుత్తి మాత్ర. ఫలితాలు 2002లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే షుగర్ రావడం మెట్‌ఫార్మిన్ వాళ్లలో 31 శాతం తగ్గింది, నడక వాళ్లలో 58 శాతం. సగటున వాళ్లు తగ్గింది ఐదున్నర కిలోలకు కాస్త ఎక్కువ. మీ 79లో 7 శాతం కూడా ఐదున్నరే. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. తర్వాతి ఏళ్లలో వాళ్లలో చాలామందికి బరువు కొంత తిరిగొచ్చింది, అయినా పదేళ్ల తర్వాత చూస్తే షుగర్ వచ్చే రేటు 34 శాతం తక్కువగానే ఉంది. తిరిగొస్తే అంతా వృథా అన్న మీ భయానికి దీన్ని మించిన జవాబు నా దగ్గర లేదు.

బీపీలో కిలోకు దాదాపు ఒక పాయింటు చొప్పున పై అంకె తగ్గుతుందని చాలా పరిశోధనలు కలిపి చూసినవాళ్లు చెప్పారు. ఇది సగటు, ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. గురకను తేలిగ్గా తీసుకోకండి. గొంతు చుట్టూ కొవ్వు చేరి నిద్రలో ఊపిరి దారి మూసుకుపోతూ తెరుచుకుంటూ ఉంటే దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. అది ఉంటే రాత్రంతా పడుకున్నా పగలు తూలుతూ ఉంటారు, బీపీ పెరుగుతుంది, నిద్ర చాలక ఆకలి ఇంకా పెరుగుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారేమో ఇంట్లో వాళ్లను గమనించమనండి. క్యాన్సర్ గురించి ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తాను: ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉండటానికీ 13 రకాల క్యాన్సర్లకూ సంబంధం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది, అందులో పేగు, గర్భసంచి, నెలసరి ఆగిపోయాక వచ్చే రొమ్ము క్యాన్సర్ ఉన్నాయి. దీన్ని పట్టుకుని రాత్రిళ్లు మేలుకోకండి. భయం కూడా పెళ్లి ఫొటో లాంటిదే, నాలుగు రోజులు పనిచేస్తుంది.

మరి తగ్గాలా వద్దా? మీ ముందు నాకు మూడు నాలుగు దారులు కనిపిస్తున్నాయి.

ఏమీ చేయకపోవడం ఒక దారి. నిజమే, అదీ దారే. ప్రీడయాబెటిస్ ఉన్న ప్రతి ఒక్కరికీ షుగర్ రాదు. కానీ వయసుతో కండ తగ్గుతూ పోతుంది, మరికొన్నేళ్లలో నెలసరి ఆగే దశ వస్తుంది, అప్పుడు కొవ్వు ఎక్కువగా నడుము దగ్గరే చేరుతుంది. ఏమీ చేయకపోతే ఇక్కడే ఉంటామనుకోవడం పొరపాటు, చాలామంది ఏటా కాస్త కాస్త పైకి పోతూనే ఉంటారు.

రెండోది, 79 దాటకుండా చూసుకోవడం. దీన్ని ఎవరూ విజయంగా లెక్కపెట్టరు, నేను పెడతాను. ఇంట్లో పాప పరిస్థితి ఇలా ఉన్నప్పుడు, నాలుగుసార్లు పడి లేచి మీరు అలిసిపోయి ఉన్నప్పుడు, ఒక ఆరు నెలలు తగ్గడం అనే మాటే ఎత్తకుండా, రోజూ కాసేపు నడిచి, ఒంటరిగా రాత్రి ఏదో ఒకటి తింటూ కూర్చునే అలవాటును మాత్రం గమనించుకుంటూ ఉండొచ్చు. నష్టం ఏమిటంటే 6.1 అంత త్వరగా కదలకపోవచ్చు, మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు. లాభం, మళ్లీ ఓడిపోయానన్న బాధ ఉండదు.

మూడోది ఆ ఐదున్నర కిలోలు, ఆరు నెలల నుంచి ఏడాది గడువుతో. నా మొగ్గు ఇటే, దాచడం ఎందుకు. ఇందులో మీకు నచ్చనిది ఒకటుంది: ఎవరికీ కనిపించదు. 73 దగ్గర ఉన్న మిమ్మల్ని చూసి అక్క ఏమీ అనదు, ఫొటోలో తేడా తెలియదు. మొదటి వారం రెండు కిలోలు పోతే అది ఎక్కువగా నీరే, తర్వాత రెండు వారాలు మెషీన్ కదలదు, అప్పుడే మీరు ఇదివరకు నాలుగుసార్లూ మానేసి ఉంటారు. ఈసారి కొలవాల్సింది వేరేవి. మెట్లెక్కాక ఆయాసం తీరడానికి ఎంతసేపు పట్టింది, మోకాలు ఎన్నో మెట్టు దగ్గర పట్టేసింది, మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ ఎంత, నడుము ఎంత. ఏం తినాలని నేను జాబితా రాయను, డైట్ చార్టులు మీ దగ్గరే బోలెడు ఉండి ఉంటాయి. ఏ పూటా మానకండి, తాగే తీపి తగ్గించండి, ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా చూసుకోండి, వారానికి రెండుసార్లు కండలకు పని చెప్పే వ్యాయామం చేయండి. ఆ చివరిది ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు, కడుపు మాడ్చుకుని తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది, తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. మోకాలి నొప్పి ఉంది కాబట్టి ఏ వ్యాయామమో అడిగి మొదలుపెట్టండి.

నాలుగోది మందులు. ఇప్పుడు అందరూ మాట్లాడుకునే ఇంజెక్షన్లలో సెమాగ్లూటైడ్ ఒకటి, బరువు కోసం వాడటానికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. 68 వారాల పరీక్షలో సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది, ఇది చిన్న విషయం కాదు. ఆపేసిన ఏడాదిలో పోయిన దాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది, ఇదీ చిన్న విషయం కాదు. అంటే బీపీ మాత్రలా ఏళ్ల తరబడి వాడాల్సిన మందు అనుకుని దిగాలి. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలే, కొన్ని రకాల థైరాయిడ్ క్యాన్సర్ ఇంట్లో ఎవరికైనా ఉంటే వాడకూడదు. మందు వాడటం మోసం అనేవాళ్ల మాట వినకండి. అలాగని ఎవరో తెలిసినవాళ్లు తెప్పించిస్తామంటే తీసుకోకండి. ఇంత పెద్ద నిర్ణయం రెండు నిమిషాల డాక్టరు దగ్గర కాకుండా కాస్త కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరు దగ్గర తీసుకోండి. ఆ పని మీదే వెళ్లినప్పుడు థైరాయిడ్ పరీక్ష చేశారా, మీరు వాడే వేరే మందులు ఏవైనా బరువు పెంచేవా, లివర్‌లో కొవ్వు ఉందా, గురకకు నిద్ర పరీక్ష కావాలా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లి అడగండి. కాగితం చేతిలో ఉంటే డాక్టర్లు కూర్చుంటారు, ఇది నా అనుభవం.

మీ అక్క. ఆవిడకు మీ మీద ప్రేమ లేదని నేను అనను. కానీ దెప్పితే తగ్గుతారన్నది అబద్ధం. అమెరికాలో ఆరు వేల మందికి పైగా మనుషులను నాలుగేళ్లు గమనించి 2013లో రాశారు: బరువు వల్ల చిన్నచూపుకు గురయ్యామన్నవాళ్లు, అప్పటికి ఊబకాయం లేనివాళ్లే, తర్వాత ఊబకాయానికి చేరే అవకాశం మిగతావాళ్లకంటే రెండున్నర రెట్లు ఉంది. అవమానం మింగినవాళ్లు దాంతో పాటు ఇంకేదో కూడా తింటారు, ఇది మనకు పరిశోధన లేకుండానే తెలుసు. "అక్కా, నా ఒంటి గురించి ఇక మాట్లాడకు, పాప ముందు అసలొద్దు" అని ఒక్కసారి, పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పొచ్చు. ఆవిడ నిష్ఠూరమాడుతుంది, నెల రోజులు ఫోన్ రాకపోవచ్చు. చెప్పకుండా ఊరుకోనూ వచ్చు, మీ ఇద్దరి మధ్యే అయితే అది మీ ఇష్టం. పాప వింటోంది కాబట్టి మాత్రం ఊరుకోకూడదనుకుంటాను.

మీ ఆయన మాట ఎందుకు బాధపెడుతోందో నాకు అర్థమైంది. మీరు మోకాలి గురించి, షుగర్ గురించి చెప్పారు, ఆయన అందం గురించి జవాబిచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, ప్రశ్న వినలేదు, అంతే. రిపోర్టు ఆయన చేతికిచ్చి చదవమనండి. తర్వాత ఏదో ఒక పని అడగండి, సాయంత్రం నలభై నిమిషాలు ఇంటి పని తను చూసుకోవడమో, మీతో నడవడమో. "సపోర్ట్ చెయ్" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు.

ఇక పాప. ఆరోగ్యకరమైన బరువు అంటే దానికి కింద కూడా ఒక గీత ఉంటుందని మనం మర్చిపోతాం. బరువు తక్కువైతే రక్తహీనత, నెలసరి ఆగిపోవడం, జబ్బులను తట్టుకోలేకపోవడం, పల్చబడే ఎముకలు. ఆడపిల్లల ఎముకల్లో జీవితాంతానికి సరిపడా బలం చాలావరకు పద్దెనిమిదేళ్ల లోపే చేరుతుంది, ఇప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూర్తిగా పూడ్చుకోలేరు. ఆ వయసులో బరువు పెరగడం ఎదుగుదలలో భాగం, దాన్ని పెద్దవాళ్ల బీఎంఐ అంకెలతో చూడకూడదు, వయసుకు తగ్గ ఎదుగుదల చార్టు మీదే చూడాలి.

"నీలా అవ్వకూడదు" అన్నప్పుడు మీకు గుండెలో గుచ్చుకుంది. కానీ ఆ పిల్ల చూసింది మీ 79 కిలోలను ఒక్కదాన్నే కాదండీ, అద్దం ముందు మీ ముఖాన్ని చూసింది, పెద్దమ్మ మాట విన్నది, పదకొండేళ్ల వయసులో అమ్మ మూడు నెలలు రాత్రి తినకపోతే ఇంటికొచ్చినవాళ్లంతా మెచ్చుకోవడం చూసింది. తిండి మానేస్తే మెప్పు దొరుకుతుందని అప్పుడే నేర్చుకుంది. ఇందులో మీ తప్పు వెతకడానికి ఇది చెప్పడం లేదు, సరిచేసే మాట కూడా మీ నోటి నుంచే రావాలి కాబట్టి చెబుతున్నాను. "అప్పుడు నేను చేసింది తప్పు పద్ధతి, అందుకే అంతా తిరిగొచ్చింది, మోకాలు నొప్పి తగ్గించుకోవాలని ఇప్పుడు వేరేలా చేస్తున్నాను" అని చెప్పి చూడండి. ఉపన్యాసం వద్దు, "నువ్వు సన్నగానే ఉన్నావు కదా" అని కూడా వద్దు, అది మళ్లీ బరువు మాటే. బలవంతంగా తినిపిస్తే దాచిపెట్టడం నేర్చుకుంటుంది. చూసీ చూడనట్టు వదిలేస్తే కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే బయటపడతారు, కొందరు లోతుకు వెళ్లిపోతారు, ఏ పిల్ల ఏ రకమో బయట నుంచి చెప్పలేం. రోజుకు ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చుని తినండి, ఆ పూట బరువు మాట రాకూడదు, మీ బరువు మాట కూడా.

వెయింగ్ మెషీన్ ఇంట్లోంచి తీసేయండి. బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లలో చాలామంది తరచూ బరువు చూసుకుంటారని నాకు తెలుసు, మామూలుగా అయితే వారానికోసారి చూసుకోమని మీకూ చెప్పేదాన్ని. మీ ఇంట్లో ఇప్పుడు ఆ మెషీన్ వల్ల మీకు వచ్చే లాభం కంటే పాపకు జరిగే నష్టం ఎక్కువ. మీ బరువు నెలకోసారి క్లినిక్‌లో చూసుకోవచ్చు.

మీ సంగతి ఆగగలదు. పైన చెప్పిన దారుల్లో ఏది పట్టుకోవాలో నెల రోజులు ఆలోచించుకున్నా మునిగిపోయేదేమీ లేదు, ఈలోపు నడక మొదలుపెడితే చాలు. పాపకు నెలసరి తప్పినా, కళ్లు తిరిగి పడినా, తిన్న వెంటనే బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటున్నా, అందరూ మామూలుగా ఉన్నప్పుడు తనకు చలి వేస్తోందన్నా, జుట్టు ఊడుతున్నా, ఇవేవీ లేకపోయినా ఈ పొద్దుటి తిండి మానడం ఇంకో రెండు వారాలు సాగినా, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ అపాయింట్‌మెంట్ కంటే ముందు తనది తీసుకోండి.